ఆవును కొనబోయే మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు లోను తీసుకుని ఆవును కొంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కోలారు వైపు ఎవరో హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవును చూపించారట, రోజుకు 18 లీటర్లు ఇస్తుందన్నారట. సంతోషం. అడ్వాన్సు ఇచ్చావా? ఇవ్వకపోతే ఇది చదివేదాకా ఇవ్వకు.

పగలు వెళ్లి చూసి వచ్చేయడం కాదు. సాయంత్రం పాలు పిండే వేళకు వెళ్లు, రాత్రికి ఆ ఊళ్లోనే ఉండు. మర్నాడు పొద్దున, సాయంత్రం కూడా పిండేటప్పుడు దగ్గరుండు. మొదటి పూట పాలను లెక్కలో వేసుకోవద్దు. తర్వాత రెండు పూటల పాలు కలిపితే ఎన్ని వస్తే అన్నే ఆ ఆవు పాలు.

ఇది నాకు నష్టం నేర్పిన పాఠం. పాతికేళ్ల కిందట ఓ సంతలో నిండుకుండలాంటి పొదుగు చూసి మురిసిపోయి, అరగంటలో బేరం కుదుర్చుకున్నాను. అమ్మినవాళ్లు ముందు రెండు పూటలు పాలు పిండకుండా ఆపారని ఇంటికొచ్చాక తెలిసింది. వెనక కుడి చన్ను నుంచి విరిగిన పాల నీళ్లలాంటివి వచ్చాయి. ఎంత వైద్యం చేయించినా రెండు నెలల్లో ఆ చన్ను ఎండిపోయింది. మీ అత్త చెవికమ్మలు అమ్మిన డబ్బు అది. ఇప్పటికీ తలచుకుంటే బాధే.

అందుకే పొదుగును పాలు పిండకముందు కంటితో చూడు, పిండాక చేత్తో చూడు. ఖాళీ అయిన పొదుగు ముడతలు పడి మెత్తగా వేలాడాలి. పిండినా అలాగే ఉబ్బుగా ఉంటే అది పాల బరువు కాదు, వాపు. అరచేయి పరిచి నాలుగు భాగాలనూ విడివిడిగా నొక్కు. ఎక్కడైనా వేడిగా తగిలినా, లోపల గడ్డ చేతికి అందినా, ఆవు కాలు విసిరినా అక్కడ పొదుగువాపు ఉందనో, వచ్చి పోయిందనో అనుమానించాలి. పిండటం మొదలుపెట్టేటప్పుడు ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పట్టు. తెల్లటి పలుకులు, దారపు పోగుల్లాంటివి కనిపిస్తే వెనక్కి వచ్చేయ్. నాలుగు చన్నులూ నువ్వే పిండి చూడు, వాళ్లు పిండితే చూస్తూ నిలబడటం చాలదు. పాలు చేపడానికి ఇంజెక్షన్ వేస్తున్నారేమో కూడా గమనించు. దూడను వదలమను. ఆవు దాన్ని నాకి దగ్గరికి తీసుకోకపోతే ఆ దూడ దానిదేనా అని అడుగు.

తెల్లవారుజామున, వాళ్లు లేపకముందే కొట్టం దగ్గరికి వెళ్లు. ఆరోగ్యమైన ఆవు తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంటుంది. ఒక్కో ముద్దను యాభై, అరవైసార్లు నములుతుంది. ముట్టె చెమ్మగా ఉండాలి. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఆగితే కడుపు రెండు మూడుసార్లు కదిలి నీ చేతిని నెట్టాలి. పేడ మరీ నీళ్లగా ఉండకూడదు, ఉండలుగానూ ఉండకూడదు. గట్టి నేల మీద నడిపించి గిట్టలు చూడు. కాసేపు ఎండలో నిలబెట్టు. గాలికుంటు వచ్చి తగ్గిన ఆవుల్లో కొన్ని కాస్త ఎండకే రొప్పుతాయి, వాటికి బొచ్చు కూడా పెరిగిపోతుంది.

వయసుకు పళ్లు చూస్తే చాలు. ఎనిమిది పళ్లూ వచ్చి అరగకుండా ఉంటే నాలుగైదేళ్లది. రెండో ఈతదో మూడో ఈతదో అయితే మంచిది.

చూడిది అంటే మాట మీద నమ్మకు, పశువుల డాక్టరుతో చేయి పెట్టించి చూపించు. తోక మొదట్లో చీము ఎండిన మరకలుంటే గర్భసంచి బాగాలేదని అర్థం. అలాంటి ఆవును ఎన్నిసార్లు కట్టించినా చూడి నిలవక తిరిగి ఎదకు వస్తూనే ఉంటుంది.

ఇక బ్రూసెల్లా అనే రోగం. ఇది తగిలిన ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోతుంది. పైకి మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. పచ్చిపాల వల్ల, మాయ తీసే చేతుల వల్ల మనుషులకూ అంటుకుంటుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, మొహమాటపడకు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాకే డబ్బు ఇస్తానని చెప్పు. చెవికి పసుపు ట్యాగు ఉంటే 12 అంకెల నంబరు రాసుకుని, ఏ టీకాలు వేశారో మన ఊరి పశువుల ఆస్పత్రిలో అడుగు.

తెచ్చాక మూడు వారాలు మీ గేదెలకు దూరంగా, వేరే తొట్టి పెట్టి కట్టెయ్. అక్కడ తినే దాణా ఓ బస్తా వెంట తెచ్చుకుని, మన దాణా కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చెయ్.

ఏ రోజు వెళ్తావో ముందే చెప్పు, నేనూ వస్తాను. నల్లగుడ్డ, థర్మామీటరు నేను తెస్తాను. నువ్వు మూడు పూటలు ఉండేలా పని సర్దుకో.

ఇట్లు,
మీ మామ