స్పానిషీకరణ అనవచ్చునా?

ప్రశ్న: ఫిలిప్పీన్స్ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెనిగిస్తున్నాను. అక్కడివారి భాషను, పేర్లను, ఆచారాలను స్పెయిన్ పద్ధతికి మార్చడాన్ని ‘స్పానిషీకరణ’ అనవచ్చునా? ‘హిస్పానీకరణ’ అనాలని ఒక మిత్రుడి వాదన.
– ఒక పాఠకురాలు

సమాధానం: ‘తెనిగిస్తున్నాను’ అని రాశారు, ‘తెలుగీకరిస్తున్నాను’ అనలేదు. సంతోషం. మీ సందేహానికి సగం జవాబు అందులోనే ఉంది.

ముందు ఈ ‘ఈకరణ’ సంగతి చూద్దాం. ఇది సంస్కృతంలో చ్వి ప్రత్యయం చేసే పని. అంతకుముందు అలా లేనిది అలా కావడం, అంటే అభూతతద్భావం, దాని అర్థం. పదం చివర అకారముంటే ఈకారమవుతుంది: నవ, నవీకరణ. ఉకారముంటే దీర్ఘమవుతుంది: లఘు, లఘూకరణ. ఆ లెక్కన మన ‘ప్రైవేటు’ కాస్తా ‘ప్రైవేటూకరణ’ కావాలి! అలా అనమని నేనూ పట్టుబట్టను. ప్రైవేటీకరణ స్థిరపడిపోయింది. నాకు చిరాకంతా ‘ఆధునీకరణ’తోనే. ఆధునికం చేస్తే ఆధునికీకరణ అవుతుంది. మధ్యలో ‘క’ను మింగిందెవరు? శీర్షికలో చోటు చాలదంటారు పత్రికలవాళ్ళు. ఒక్క అక్షరానికి కూడా చాలనంత ఇరుకా?

ఈ అభూతతద్భావం ఒట్టి వ్యాకరణ చర్చ కాదు. 2012 అక్టోబరులో స్పెయిన్ విద్యామంత్రి హోసె ఇగ్నాసియో వెర్ట్, తమ దేశంలోనే సొంత భాష ఉన్న కాటలోనియా ప్రాంతపు విద్యార్థులను ‘ఎస్పాన్యొలిసార్’ చేయడమే తమ ఉద్దేశమని పార్లమెంటులో అన్నారు. స్పానిష్‌వాళ్ళను చేయడమన్నమాట. కాటలోనియా భగ్గుమంది. వాళ్ళు అప్పటికే స్పెయిన్ పౌరులు కదా! చ్వి అర్థం ఎరిగినవాడు ఆ క్రియ జోలికి పోడు.

హిస్పానియా అన్నది రోమన్లు ఐబీరియా ద్వీపకల్పానికి మొత్తంగా పెట్టిన పేరు, నేటి పోర్చుగల్ కూడా అందులోదే. మీ మిత్రుడి మాటతో ఆ చిక్కు ఒకటుంది.

ఇక నాకిష్టమైన చోటికి వస్తాను. పోతన ఏమన్నాడు?

‘ఒనరన్ నన్నయ తిక్కనాది కవు లీ యుర్విం బురాణావళుల్ తెనుగుం జేయుచు...’ అని మొదలుపెట్టి, ‘తెనుగుం జేయరు మున్ను భాగవతమున్, దీనిం దెనింగించి నా జననంబున్ సఫలంబు జేసెద’ అన్నాడు.

ఆ ‘మున్ను’ చూడండి. మునుపు కాలేదు, ఇప్పుడు అవుతుంది. సంస్కృత వ్యాకరణం చ్వికి చెప్పిన అర్థాన్ని పోతన చ్వి లేకుండానే పలికించాడు. పైగా ముందువాళ్ళ పనికి ‘తెనుగుం జేయుచు’, తన పనికి ‘తెనింగించి’. మత్తేభంలో గణాల కోసం అలా కుదిరిందనేవాళ్ళు ఉంటారు. ఉండనివ్వండి. ‘చేయు’, ‘ఇంచు’ రెండూ మన సొంత సరుకే కదా, ప్రతిదానికీ కరణం వెంట పడటమెందుకు?

అయితే ‘స్పానిషించు’ అనమని చెప్పను, చెవికి ఇంపుగా లేదు. ఎక్కడికక్కడ విడమరిచి చెప్పండి. మనం మాగెల్లాన్ అనే నావికుడు, పోర్చుగల్‌లో పుట్టిన ఫెర్నావ్ ద్ మగల్యాయిష్, స్పెయిన్ కొలువులో ఫెర్నాందో దె మగయానెస్ అయ్యాడు. అక్కడ ‘పేరును స్పానిష్‌లోకి మార్చుకున్నాడు’ అంటే చాలు. మెక్సికోలో ‘చెట్ల దాపు’ అనే అర్థమున్న క్వావ్‌నావాక్ ఊరు స్పెయిన్‌వాళ్ళ నోట కుయెర్నవాకా అయింది. వాళ్ళ భాషలో ఆవు కొమ్ము! దాన్ని ‘స్పానిష్ చేశారు’ అనండి.

మీ ఫిలిప్పీన్స్‌లో 1849లో స్పెయిన్ తరఫున ఏలుతున్న గవర్నర్ జనరల్ క్లావెరియా ఇంటిపేర్ల అకారాది పట్టీ ఒకటి అచ్చువేయించి, ఊరికి కొన్ని పుటల చొప్పున పంచిపెట్టించాడు. ఒకే ఊళ్ళో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలుకావడం కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పట్టీలో స్థానిక మాటలూ ఉన్నాయి గనుక ఆ పనిని పూర్తిగా స్పానిషీకరణ అనడానికి నాకు మనసొప్పదు. అలాగే అక్కడి టగాలోగ్ భాషవాళ్ళు స్పానిష్ నుంచి తెచ్చుకున్న ‘తువాల్య’ స్పానిషీకరణ కాదు, అరువు. పోర్చుగీసు నుంచి మనకు ‘తువ్వాలు’ వచ్చిందని మనం పోర్చుగీసువాళ్ళమైపోయామా?

మొత్తం విధానానికి ఒక శీర్షిక కావాలంటే ‘స్పానిషీకరణ’ వాడుకోండి, తప్పు పట్టను. హిస్పానీకరణే ముద్దని మీ మిత్రుడు బెట్టు చేస్తే, పోర్చుగల్‌ను ఏం చేస్తారో వారినే అడగండి.