టీకా వేసుకోలేదని 64 రోజులు డైస్ నాన్ చేశారు, ఇప్పుడు కేసు వేయవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో యూడీసీని (అప్పర్ డివిజన్ క్లర్కును). కోవిడ్ టీకా సర్టిఫికెట్ లేనివాళ్ళను లోపలికి రానివ్వొద్దని 2021 నవంబర్‌లో మా ఆఫీసర్ సర్క్యులర్ ఇచ్చారు. మా బావమరిది టీకా వేయించుకున్న వారానికే మంచాన పడ్డాడు. ఆ భయంతో నేను వేయించుకోలేదు. నవంబర్ 22 నుంచి నన్ను గేటు దగ్గరే ఆపేశారు. చివరికి ఇల్లు గడవక 2022 జనవరి 24న టీకా వేయించుకుని మర్నాడు డ్యూటీలో చేరాను. ఆ 64 రోజులను డైస్ నాన్ చేశారు, అంటే డ్యూటీ లెక్కలోంచి తీసేశారు, జీతం ఇవ్వలేదు. ఏప్రిల్ 11న అర్జీ పెట్టాను. ఆ తర్వాత ఏటా రిమైండర్ పంపాను. మొన్న 2025 ఆగస్టు 6న ‘మీ విన్నపం తిరస్కరించడమైనది’ అని జవాబు వచ్చింది. బలవంతంగా టీకా వేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ నియంత లాంటి ఆఫీసర్ మీద కేసు వేసి పరిహారం రాబట్టవచ్చా? జవాబు ఇప్పుడే వచ్చింది కాబట్టి గడువు సమస్య లేదని మిత్రులంటున్నారు. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీ బావమరిది అనారోగ్యం, టీ కొట్టు దగ్గర నలుగురి ముందు జరిగిన అవమానం. చదివాను. కేసుకు అవేవీ పనికిరావు. టీకా మంచిదా కాదా అన్నది క్యాట్ (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్) తేల్చదు, మీరు భయపడింది సబబేనా అన్నదీ తేల్చదు. వాళ్ళు మొదట చూసేది తేదీలు.

మిత్రుల మాట తప్పు. ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూ కూర్చుని, ఎప్పుడో వచ్చిన జవాబును చూపించి ‘గడువు ఇప్పుడే మొదలైంది’ అంటే చెల్లదని సి. జాకబ్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చచ్చిపోయిన క్లెయిముకు జవాబు ఇచ్చినంత మాత్రాన అది బతికిరాదు. అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం సెక్షన్ 21 ప్రకారం ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా క్యాట్‌కు వెళ్ళాలి. నిబంధనల్లో ఉన్న అప్పీలు వేసి ఉంటే దాని నిర్ణయం వచ్చిన ఏడాదిలోగా వెళ్ళాలి. ఆరు నెలలైనా నిర్ణయం రాకపోతే అక్కడి నుంచి ఏడాది. కోవిడ్ కాలాన్ని, అంటే 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు, గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించింది. అదంతా కలుపుకున్నా, మీ మిత్రుల దారిలో పోతే మీరు రెండేళ్ళ కిందటే మునిగిపోయారు. రిమైండర్ పంపడం పనిచేసినట్టు కాదు. మన ఉద్యోగులకు ఇది ఒక జబ్బు: ఏటా ఒక కాగితం పంపి, దాని నకలు ఫైల్లో పెట్టుకుని, పోరాడుతున్నామనుకోవడం.

‘జీతం నష్టం కంటిన్యూయింగ్ రాంగ్ (ఆగకుండా సాగే తప్పు), దానికి గడువు ఉండదు’ అని కూడా ఎవరో చెప్పారట. ప్రతి నెలా తప్పు లెక్కతో జీతం ఇస్తుంటే ఆ మాట కొంత నిలుస్తుంది. అప్పుడు కూడా బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే ఇస్తారు. మీది 64 రోజుల కోత, ఒకే ఉత్తర్వుతో ఒక్కసారి జరిగింది. దెబ్బ ఒకసారే తగిలింది, నొప్పి ఇంకా ఉంది. చట్టం చూసేది దెబ్బ తగిలిన రోజును.

అయితే మీ కేసు మొత్తాన్ని నిలబెట్టగల వాక్యం ఒకటి మీ కాగితాల్లోనే ఉంది. మీరు దాన్ని పట్టించుకోలేదు. 2022 ఏప్రిల్ 11 నాటి అర్జీ మూడో పేరా చివర ‘సదరు ఉత్తర్వు నకలు నాకు ఇంతవరకు అందలేదు, ఇప్పించగలరు’ అని రాశారు. దాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు, క్లర్కు పొట్టి సంతకం స్పష్టంగా ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 14 తేదీ వేసిన ఆ డైస్ నాన్ ఉత్తర్వు నకలు మొన్న ఆగస్టు 6న వచ్చిన జవాబుకు జతగానే మొదటిసారి మీ చేతికొచ్చింది. మీ నాలుగు పేజీల ఉత్తరంలో నాకు పనికొచ్చింది ఈ ఒక్క సంగతే.

ఎందుకంటే, ఫైల్లో రాసుకున్న ఉత్తర్వు ఉద్యోగికి అందేదాకా అతని మీద పనిచేయదన్నది 1960ల నుంచి సుప్రీంకోర్టు చెబుతున్న మాటే. పైగా కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ళకు సంబంధించిన సీసీఎస్ (సీసీఏ) నిబంధనలు 1965లో 25వ నిబంధన అప్పీలుకు 45 రోజులు ఇస్తుంది. ఆ లెక్క ఉత్తర్వు మీద వేసిన తేదీ నుంచి కాదు, నకలు మీకు అందిన రోజు నుంచి. జీతభత్యాలను మీకు నష్టంగా మార్చే ఉత్తర్వు మీద 23వ నిబంధన కింద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు, అర్జీకి తేడా ఏమిటంటారా? ఎస్.ఎస్. రాథోడ్ కేసులో 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది: నిబంధనల్లో ఉన్న అప్పీలు వేస్తే గడువు దాని నిర్ణయం నుంచి లెక్కకొస్తుంది. నిబంధనల్లో లేని అర్జీలు వంద పెట్టినా గడువు పెరగదు. మూడేళ్ళుగా మీరు పంపినవన్నీ ఆ వంద అర్జీల్లోవే.

కాబట్టి ఆగస్టు 6 నుంచి 45 రోజులు లెక్కేయండి. సెప్టెంబర్ 20. ఆ రోజు శనివారం, మీ ఆఫీసుకు సెలవు. శుక్రవారం 19లోగా, వీలైతే వచ్చే వారంలోనే, అప్పీలు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఒక కాపీ ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసర్‌కు పంపాలి. పైన ‘రిప్రజెంటేషన్’ అని రాయకండి, ‘అప్పీలు’ అని, నిబంధన నంబరుతో సహా రాయండి. ‘నియంత’ లాంటి మాటలు తీసేయండి. అప్పీల్లో అమర్యాదకరమైన భాష ఉండకూడదని 26వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. ఆ ఒక్క సాకుతో పక్కన పెట్టే అవకాశం వాళ్ళకెందుకివ్వాలి?

అవతలివాళ్ళు ఊరుకోరు. ‘నకలు అందకపోయినా సంగతి 2022లోనే తెలుసు, అర్జీలో డైస్ నాన్ అని రాశాడు కదా’ అంటారు. గట్టి వాదనే. అందుకే అప్పీలుతో పాటు, ఆలస్యమని భావిస్తే మన్నించమంటూ విడిగా ఒక విజ్ఞప్తి, నకలు అడిగిన అర్జీ ప్రతులన్నీ జత చేసి ఇవ్వండి. తగిన కారణం ఉంటే గడువు దాటిన అప్పీలునూ తీసుకునే అధికారం పై అధికారికి ఉంది.

ఇక అసలు వాదన. బలవంతపు టీకా మీద మీరు చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు డాక్టర్ జాకబ్ పులియెల్ కేసుది, వచ్చింది 2022 మే 2న. జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ గవాయ్ ధర్మాసనం. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరం మీద హక్కు 21వ అధికరణలో భాగమని చెప్పిన మాట నిజం. కానీ అదే తీర్పు ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చనీ చెప్పింది. కేసులు తగ్గిన ఆనాటి పరిస్థితిలో టీకా వేసుకోనివారి మీద ఆంక్షలు తగవని, వాటిని సమీక్షించమని సూచించింది. పాత కోతలన్నీ తిరిగి కట్టమని ఎక్కడా అనలేదు. మీ 64 రోజుల్లో సగం ఒమిక్రాన్ ముసురుకుంటున్న రోజులు. ఈ తీర్పు ఒక్కటే పట్టుకుని పోతే ‘మేము సూది గుచ్చలేదు, గేటు మాత్రమే మూశాం’ అంటారు.

ఆ మాటే మీకు ఆయుధం. గేటు మూసింది వాళ్ళు. మరి మీది అనధికార గైర్హాజరు ఎలా అవుతుంది? పని చేస్తానని వచ్చిన ఉద్యోగిని యాజమాన్యమే దూరం పెడితే ‘పని లేదు, జీతం లేదు’ సూత్రం వర్తించదని జానకీరామన్ కేసులో (1991) సుప్రీంకోర్టు చెప్పింది. దీని చుట్టూనే అప్పీలు రాయండి. టీకా తప్పనిసరి కాదని కేంద్రమే 2022 జనవరిలో సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. అప్పటికి మీరు ఇంకా గేటు బయటే ఉన్నారు. సంజాయిషీ అడగకుండా ఏకపక్షంగా ఉత్తర్వు ఇచ్చారన్నదీ చేర్చండి. ఇంకొకటి: 2021 అక్టోబర్‌లో ఢిల్లీ విపత్తు నిర్వహణ సంస్థ కూడా టీకా లేని ఉద్యోగులను ఆపింది, కానీ ఆ రోజులను ‘సెలవు’గా లెక్కించమంది. పంజాబ్ కూడా సెలవు మీదే పంపింది. మీ ఆఫీసర్ వాళ్ళకంటే ఒక అడుగు ముందుకేశారు.

సాక్ష్యం సంగతికొస్తే కోపం వస్తోంది. నవంబర్ 22 నుంచి డిసెంబర్ 2 వరకు తొమ్మిది పనిదినాలు గేటు దగ్గరికెళ్ళారు. రెండు రోజులే సెక్యూరిటీ రిజిస్టర్‌లో మీ పేరు, ‘వ్యాక్సిన్ లేదు, రిటర్న్’ అని ఉంది. మిగతా ఏడు రోజులు రాయించుకోవాలని తోచలేదా? డిసెంబర్ 3న ‘డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, ఇంటి నుంచైనా చేస్తాను’ అని మెయిల్ పెట్టారు. అది లేకపోతే ఈ కేసు వేయమని చెప్పేవాణ్ణి కాదు. ఆ తర్వాత జనవరి 24 దాకా మౌనం! వారానికొక మెయిల్ పెడితే ఖర్చేమిటి? టీకా వద్దన్న వైమానిక దళ సిబ్బంది తొమ్మిదిమందికి షోకాజ్ ఇచ్చామని, జవాబు ఇవ్వని ఒక్కరిని తొలగించామని 2021 ఆగస్టులో కేంద్రం గుజరాత్ హైకోర్టుకు చెప్పింది. కాగితం మీద నోరు విప్పని మనిషి గతి అది.

గేటు రిజిస్టర్ ఆ పేజీల కోసం ఇవాళే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఆర్టీఐ పెట్టండి. పాత రిజిస్టర్లను ఎప్పుడు చింపి పారేస్తారో తెలియదు. సర్క్యులర్ వాట్సాప్ గ్రూపులో వచ్చిందన్నారు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాల్సి రావచ్చు.

ఇప్పుడు మీరు రెండో పేజీలో గుసగుసగా అడిగిన సంగతి. తెలిసిన డాక్టర్ ఉన్నాడు, 2021 తేదీతో ‘టీకా పడని అలర్జీ’ అని సర్టిఫికెట్ ఇస్తానన్నాడు, పెట్టమంటారా అని. పెట్టకండి. ఆ కాగితం ఇంట్లో కూడా ఉంచుకోకండి. ఇవాళ తయారు చేసి పాత తేదీ వేసిన పత్రం ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లు డాక్టర్‌కూ మీకూ ఇద్దరికీ తగులుతాయి. శాఖాపరంగా ఉద్యోగమే పోవచ్చు. 64 రోజుల జీతం కోసం! పైగా మీ డిసెంబర్ 3 మెయిల్లో ‘నాకు ఆరోగ్య సమస్యలేమీ లేవు, భయం మాత్రమే’ అని మీరే రాశారు. ఆ సర్టిఫికెట్ దాఖలు చేసిన రోజునే మీ ఒకే ఒక్క మంచి సాక్ష్యం మీకు ఎదురు తిరుగుతుంది.

అప్పీల్లో ప్రత్యామ్నాయంగా ఇంకో కోరిక చేర్చండి: డ్యూటీగా పరిగణించలేకపోతే నా ఖాతాలో ఉన్న ఈఎల్ (ఆర్జిత సెలవు) కింద సర్దండి అని. ‘నా ప్రధాన వాదనకు భంగం లేకుండా’ అన్న మాట ముందు పెట్టండి, లేకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. నిజం చెప్పాలంటే పై అధికారి ఒప్పుకునే అవకాశం దీనికే ఎక్కువ. పరిహారం, ఆఫీసర్‌కు శిక్ష అనేవి మరచిపోండి.

మీ మేనల్లుడు న్యూజెర్సీ నుంచి పంపిన అమెరికా తీర్పు ఇక్కడ పనికిరాదు. 2022 జనవరి 13న అక్కడి సుప్రీంకోర్టు ఆపింది వందమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల టీకా నిబంధనను. అదే రోజు వైద్య సిబ్బంది టీకా నిబంధనను కొనసాగనిచ్చింది. ఆ రెండో సగం ఫార్వర్డ్‌లో రాలేదు.

అప్పీలు తోసిపుచ్చినా, ఆరు నెలలు నోరు మెదపకపోయినా, అప్పుడు హైదరాబాద్ క్యాట్‌లో ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే కేసు) వేయాలి. నేరుగా హైకోర్టుకు వెళ్తే వెనక్కి పంపుతారు. (ఇది చదివే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు వేరే దారి. రెండు రాష్ట్రాల్లోనూ ట్రిబ్యునల్ లేదు కాబట్టి హైకోర్టే. అక్కడ గడువు అంకెల్లో లేకపోయినా ఆలస్యాన్ని అడుగుతారు.)

ఆగస్టు 6న జవాబు వచ్చిన కవరు ఎక్కడుంది? మీరు పంపిన జిరాక్సుల్లో అది లేదు. దాని మీది పోస్టాఫీసు ముద్రే మీ 45 రోజులకు ఆధారం. పాత పేపర్లతో పాటు అమ్మేయకముందే వెతికి తీయండి.