విజయనగరంలో రోజూ సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: దాసన్నపేటలో ఇల్లు, కలెక్టరేట్ వైపు ఆఫీసు, రోజూ సైకిల్ మీద వెళ్లి రావాలని ఉంది, ఇంట్లోవాళ్లు మాత్రం ప్రమాదమని ఒప్పుకోవడం లేదు, వాళ్ల భయంలో నిజమెంత అని.

వెళ్లొచ్చు. నేను చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. మార్కెట్ వైపు ఒక మందుల షాపులో లెక్కలు రాస్తాను, ఇల్లు ఊరి చివర. పొద్దున ఆఫీసుల టైముకి బయల్దేరి, రాత్రి షాపు మూసేశాక తిరిగొస్తాను. కాబట్టి రద్దీ, చీకటి రెండూ నాకు రోజూ ఉన్నవే. మీ ఇంట్లోవాళ్ల భయం ఉత్తిది కాదు. కాకపోతే అందరూ భయపడేది లారీలకి, బస్సులకి. నేను చూసినంతలో మన ఊళ్లో సైకిల్ తొక్కేవాణ్ణి ఎక్కువగా పడేసేది రోడ్డు అంచు. ముందు ఆ సంగతే వివరంగా చెప్తాను.

కొత్తగా తొక్కేవాళ్లు వెనక హారన్ వినపడగానే ఎడమకి జరుగుతారు. ఇంకో హారన్ పడితే ఇంకాస్త జరుగుతారు. అలా జరిగి జరిగి ఎక్కడికి చేరతామో ఒకసారి మీ దారిలో నడిచి చూడండి. ఇల్లు కట్టుకునేవాళ్లు పోసిన ఇసక, కంకర ఉంటాయి. తోపుడు బండి పక్కన కడిగిన నీళ్లు నిలిచి ఉంటాయి. కాలువ మీద సిమెంటు పలకలు ఉంటాయి, మధ్యలో ఒకటి విరిగి లోపలికి పడిపోయి ఉంటుంది. రెండు పలకల మధ్య సందు సైకిల్ టైరు దిగిపోయేంత ఉంటుంది. వీటన్నిటికంటే చెడ్డది తారు అంచు. పాత తారు మీదే కొత్త తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు పైకి లేస్తుంది, పక్కన మట్టి కిందే ఉండిపోతుంది. కొన్నిచోట్ల జానెడు తేడా. సైకిల్ ఆ మట్టిలోకి దిగడం తేలికే, మళ్లీ ఎక్కడంలోనే ఉంది చిక్కంతా. వాలుగా ఎక్కించబోతే ముందు చక్రం ఆ అంచుకి రాసుకుంటూ పోతుంది తప్ప పైకి లేవదు. మన ఒళ్లు మాత్రం అప్పటికే కుడికి వాలిపోయి ఉంటుంది. అంటే పడేది కుడివైపుకే, వెనక వచ్చే బండి దారిలోకే. ఇలా పడినవాళ్లని నా కళ్లతో చూశాను. అందుకే మట్టిలోకి దిగిపోతే అక్కడే మెల్లగా ఆగండి, సైకిల్ దిగి, ఎత్తి రోడ్డు మీద పెట్టుకోండి. హారన్ కొట్టేవాళ్లని కొట్టుకోనివ్వండి.

అసలు దిగే పరిస్థితే రాకుండా ఉండాలంటే అంచుకి మూడడుగులు లోపలే తొక్కాలి. వంకర్లు తిరక్కుండా తిన్నగా పోవాలి. అంచున పోతుంటే వెనకవాడు "సందు ఉందిలే" అని మనల్ని రాసుకుంటూ దూరిపోతాడు. కాస్త లోపలికి ఉంటే, తిట్టుకుంటూనైనా సరే, పక్కకి తప్పుకుని వెళ్తాడు. మొదటి రోజుల్లో ఈ మూడడుగులు పట్టుకుని ఉండటానికి గుండె ధైర్యం కావాలి. "ఏటి బాబూ, రోడ్డంతా నీదేనా" అనే మాట కూడా పడాలి. పడండి. రోడ్డులో మన వాటా మనం అడుగుతున్నాం, అంతే.

తర్వాతి గండం షేర్ ఆటోలు. ఆర్టీసీ కాంప్లెక్స్ బయట, మయూరి జంక్షన్ దగ్గర, కోట జంక్షన్ దగ్గర ఆటో ఎప్పుడు ఎడమకి కోసి ఆగుతుందో చెప్పలేం అంటారు. నన్నడిగితే చాలావరకు చెప్పొచ్చు. డ్రైవరు తల ఎడమకి తిరిగి రోడ్డు పక్క నిలబడ్డవాళ్లని వెతుకుతుంటే ఆటో ఆగబోతోంది. లోపల కూర్చున్నావిడ సంచి ఒళ్లోంచి చేతిలోకి తీసుకుంటున్నా, చిల్లర గుప్పిట్లో పట్టుకుని అంచుకి జరుగుతున్నా ఆగబోతోంది. ఇండికేటర్ కోసం చూడకండి, మనుషుల్ని చూడండి. ఆగిన ఆటోకి ఎడమవైపు నుంచి మాత్రం ఎప్పుడూ దూరొద్దు, జనం దిగేది అటే. వెనకే నిలబడండి, లేదా వెనక్కి తిరిగి చూసుకుని కుడివైపు నుంచి దాటండి. ఆగి ఉన్న కార్లకి కూడా తలుపు తెరిచినా తగలనంత దూరంలో పోవాలి.

మార్కెట్ గురించి ఎక్కువ చెప్పను. సాయంత్రం గంటస్తంభం చుట్టూ తొక్కడం దండగ, దిగి నడిపించుకుంటూ పోతేనే త్వరగా బయటపడతారు. దసరా వెళ్లాక పైడితల్లమ్మ జాతరకి, అంటే తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం, అమ్మవారి గుడి నుంచి కోట దాకా కాలు పెట్టే చోటు ఉండదు. ఆ రెండు రోజులూ సైకిల్ ఇంట్లోనే పెట్టి నడవండి.

వాన మొదలైతే బ్రేకులు మారిపోతాయని చాలామందికి తెలీదు. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది, సగం కూడా పట్టదు. నా సైకిల్ బాగుచేసే పెద్దాయన మాట ఇది: "బాబూ, ముందు ఓ పాలి మెల్లగా నొక్కి నీరు తుడవాల, అప్పుడు ఆపాల." అక్షరాలా నిజం. జంక్షన్ ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు తేలిగ్గా నొక్కి పట్టుకుంటే రిమ్ము మీద నీరు పోతుంది, ఆ తర్వాత గట్టిగా నొక్కితే పడుతుంది. ఎత్తు బ్రిడ్జి దిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అల్యూమినియం రిమ్ములకి ఈ బాధ తక్కువ, కొత్త సైకిల్ కొనబోతుంటే అది చూసుకుని కొనండి. నీళ్లు నిలిచిన గుంట ఎంత చిన్నదైనా దాని మీదుగా పోకండి. అడుగున ఏముందో తెలీదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలంలో ఈదురుగాలి పక్కనుంచి కొడితే ఆ పూట బస్సో ఆటోనో ఎక్కేయడమే మంచిది.

రాత్రి సంగతి వేరు. ఎదురొచ్చే బైకు హై బీమ్ కళ్లలో కొడితే కాసేపు ఏమీ కనపడదు. ఆ వెలుగు వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు గీత వైపు చూపు దించి, వేగం తగ్గించాలి. దానికంటే ముఖ్యం మనం వెనకవాళ్లకి కనపడటం. వెనక ఎర్ర లైటు పెట్టించండి, దానికి పెద్ద ఖర్చు కాదు. పెడళ్లకి ఉండే రిఫ్లెక్టర్లు ఊడిపోతే మళ్లీ వేయించండి. అవి పైకీ కిందికీ కదులుతుంటే ముందున్నది సైకిలని వెనకవాడికి వెంటనే తెలుస్తుంది. ముదురు రంగు చొక్కా వేసుకుంటే పైన ఒక రిఫ్లెక్టర్ పట్టీ తగిలించుకోండి.

కుక్కలు వెంటపడితే వేగంగా తొక్కి పారిపోవద్దు. దిగి, సైకిల్‌ని మనకీ కుక్కకీ మధ్య అడ్డం పెట్టుకుని నిలబడితే చాలాసార్లు వాటంతటవే వెనక్కి తగ్గుతాయి. కరిస్తే మాత్రం పసరు, సున్నం లాంటివి పూయకుండా పావుగంట సేపు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు వ్యాక్సిన్ వేయించుకోండి.

ఇక కోపం తెప్పించే సంగతి. సైకిల్ పెట్టుకోవడానికి చోటు ఉండదు. ఒక కాంప్లెక్సులో వాచ్‌మన్ బైకులన్నిటినీ లోపలికి పంపి, నన్ను మాత్రం "సైకిలు బయట ఎక్కడైనా పెట్టుకో" అన్నాడు. బయట పెడితే దాని మీదే మూడు బైకులు ఆనించారు, చువ్వలు వంగిపోయాయి. ఇది నా ఒక్కడి బాధైతే ఇంత రాయను. పొద్దున్నే రోడ్డు మీద చూడండి, క్యాన్లు కట్టుకుని పాలు వేసేవాళ్లు, క్యారేజీకి తాపీ, బద్ద కట్టుకున్న మేస్త్రీలు, నెల్లిమర్ల వైపు పనికి పోయేవాళ్లు, అందరూ సైకిళ్ల మీదే. కొన్నేళ్ల కిందట బడికొస్తా పథకంలో ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చింది, చాలా మంచి పని. ఆ పిల్లలు వరసగా తొక్కుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి బస్సు హారన్ ఆపకుండా మోగేది, వాళ్లు ఒక్కొక్కరే ఇందాక చెప్పిన ఆ మట్టి అంచులోకి దిగేవాళ్లు. సైకిల్ ఇచ్చినవాళ్లు దాన్ని తొక్కడానికి రోడ్డు మీద చోటు కూడా ఇవ్వాలి కదా. విరిగిన కాలువ పలక ఎక్కడ కనపడినా ఫొటో తీసి వార్డు సచివాలయంలో రాసి ఇవ్వండి. నేను ఇస్తుంటాను. కొన్ని మార్చారు. మార్చనివాటికి మళ్లీ ఇస్తాను.

ఇంట్లోవాళ్లకి చెప్పడానికి చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. సైకిల్ మోటారు వాహనం కాదు, కాబట్టి లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, హెల్మెట్ రూలు కూడా దానికి వర్తించదు. అయినా హెల్మెట్ పెట్టుకోండి. ఏదైనా మోటారు బండి గుద్దితే ఆ బండి ఇన్సూరెన్సు నుంచి పరిహారం అడిగే హక్కు సైకిల్ తొక్కేవాళ్లకీ ఉంది, దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ఆరు నెలల్లోపే వేసేయడం మంచిది. గుద్ది ఆగకుండా పోయి, ఆ బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద తీవ్ర గాయాలకి 50,000, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇస్తారు. రెండింటికీ పోలీసు కేసు నమోదు కావాలి. "చిన్న దెబ్బే కదా" అని రాజీపడి వచ్చేస్తే రాత్రికి నొప్పి తేలినా చేతిలో కాగితం ఉండదు.

సైకిల్ ఏది కొనాలని మీరు అడగలేదు గానీ, గేర్లు తప్పనిసరి కాదు. ఎత్తు బ్రిడ్జి లాంటి చోట్ల తప్ప మన ఊళ్లో పెద్ద ఎక్కుడు లేదు. టైర్లు మరీ సన్నవి వద్దు, పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. మడ్‌గార్డులు, గట్టి స్టాండు, బాగా మోగే బెల్లు ఉండాలి. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి చూసి తీసుకోండి. వారానికోసారి గాలి కొట్టించండి. గాలి తగ్గిన టైరుతో గుంతలో దిగితే ట్యూబు రిమ్ముకి నొక్కుకుని పంచరవుతుంది, ఆఫీసు టైములో అది పెద్ద టెన్షన్.

మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం పొద్దున్నే మొత్తం దారి తొక్కి చూడండి. పలకలు ఎక్కడ విరిగాయో, అంచు ఎక్కడ ఎత్తుగా ఉందో ఖాళీ రోడ్డు మీద తేలిగ్గా కనపడుతుంది. తర్వాత అదే దారిలో మామూలు రోజు ఆఫీసు టైముకి ఒకసారి వెళ్లండి. ఇంట్లోవాళ్లలో ఎవరినైనా వెంట తీసుకెళ్తే వాళ్లకీ నమ్మకం కుదురుతుంది. మీ ఇల్లు దాసన్నపేటలో రింగురోడ్డుకి దగ్గరో, కోట వైపుకి దగ్గరో రాయండి. మార్కెట్ తగలకుండా వెళ్లే దారి ఏదో చెప్తాను.