మొదటి రౌండ్‌లోనే పోతే శాక్సోఫోన్ మాన్పించాలా?

లండన్‌లో చదివే మీ అమ్మాయి పోటీలో మొదటి రౌండ్‌లోనే వెనక్కొచ్చేసింది, ఇక శాక్సోఫోన్ మాన్పించాలా అని అడిగారు కదండీ. అప్పుడే వద్దు. 2016లో బీబీసీ యంగ్ మ్యుజీషియన్ అనే బ్రిటన్ యువ సంగీతకారుల పోటీ ఫైనల్‌కి చేరిన తొలి శాక్సోఫోనిస్టు జెస్ గిల్లం గెలవలేదు, చెలో వాయించిన షేకూ కానే-మేసన్ గెలిచాడు. అయినా తర్వాత డెక్కా అనే రికార్డు కంపెనీ ఆమెతో రికార్డింగ్ ఒప్పందం చేసుకుంది, 2018లో ఆమె లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం ఆఖరి రాత్రి వాయించింది.

సింఫనీ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్‌కి ఉన్నట్టు శాక్సోఫోన్‌కి పర్మనెంట్ కుర్చీ ఉండదు, అందుకే నలుగురి కంట్లో పడటానికి పోటీలు కావాలి, అంతేగానీ కప్పు కోసం కాదు. శాక్సోఫోన్ కనిపెట్టిన ఆడాల్ఫ్ శాక్స్ పుట్టిన బెల్జియం ఊరు దినాన్‌లో 1994లో మొదలైన పోటీ ఉంది, అది ఏటా రాదు, కాబట్టి తేదీలు చూసి ఇప్పట్నుంచే ప్లాన్ చేయండి.

ముందు జడ్జీల కామెంట్లు అడిగి తెప్పించండి. తోడుగా పియానో వాయించేవాళ్లతో కనీసం మూడు రిహార్సల్స్ పెట్టించండి, మా వాడికి ఒక్కటే పెట్టి దెబ్బతిన్నాం. పైగా చలి హాల్లో తన వంతు కోసం అరగంట కూర్చునేసరికి రీడ్ (నోట్లో పెట్టుకుని ఊదే చోట ఉండే పల్చటి రెల్లు ముక్క) ఎండిపోయి మొదటి స్వరమే కీచుమంది! రెండు మూడు అలవాటైన రీడ్లు పెట్టెలో ఉండాలి, కొత్తది ఆ రోజు తీయొద్దు.