ఆకు మీది నల్లబూజు కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

ప్రశ్న: ఆకులపై మసిలా కనిపించే నల్లబూజులో కొత్త జాతిని కనుగొన్నారని చదివాను. ఆ మరకను చూసి కొత్తదని ఎలా చెబుతారు?

జవాబు: మరకను చూసి చెప్పలేరు. మెలియోలా వంటి నల్లబూజు శిలీంధ్రాలు బతికున్న ఆకుపైనే పెరుగుతాయి కనుక, వాటిని ప్రయోగశాలలో విడిగా పెంచి పరిశీలించే వీలు లేదు. అందుకని మచ్చపై రంగులేని గోళ్ల పాలిష్ (అవును, అదే!) పూసి, ఆరాక పొరలా ఊడదీస్తే, శిలీంధ్రపు పోగులు అమరిక చెదరకుండా దానితో వచ్చేస్తాయి. సూక్ష్మదర్శిని కింద ఆ పోగుల పక్కన రెండేసి కణాల బుడిపెలు, నిటారైన ముదురు కేశాలు, సాధారణంగా నాలుగు అడ్డుగోడలున్న గోధుమరంగు సిద్ధబీజాలు కనిపిస్తాయి. వీటిని మైక్రోమీటర్లలో కొలిచి, అదే కుటుంబపు మొక్కలపై ఇదివరకే నమోదైన జాతులతో పోలుస్తారు; దేనితోనూ సరిపోలకపోతేనే కొత్త జాతి అంటారు. 2013 నుంచి కొత్త పేరు చెల్లాలంటే, భద్రపరచిన నమూనాతోపాటు, శిలీంధ్రాల పేర్లను నమోదు చేసే సంస్థ ఇచ్చే నమోదు సంఖ్య కూడా తప్పనిసరి.