పాట బాగుంది, సువార్త వినిపించడం లేదు: సమాధానం

మీ చర్చిలో ఆరాధన పాటలను సంఘమంతా ఉత్సాహంగా పాడుతున్నా, వాటిలోని సందేశం ఎవరికీ గుర్తుండడం లేదని, ఏం చేయాలని మీరు అడిగారు. లోపం గాయక బృందంలో కాదు, మీరు ఎంచుకుంటున్న సాహిత్యంలో ఉండవచ్చు. స్తుతించమని పదేపదే వస్తుంది, ఎందుకు స్తుతించాలో రాదు.

1. సాధనకు ముందు పాటను రాగం లేకుండా బిగ్గరగా చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. మంచి రాగం అర్థంలోని వెలితిని కప్పేస్తుంది. చదివితే వెంటనే బయటపడుతుంది. బృందమంతా కలిసి చదవాలి, నాయకుడు ఒక్కడే చదివితే సరిపోదు.

2. పాటల సాహిత్యాన్ని బైబిల్లో సువార్త సారాన్ని చెప్పే 1 కొరింథీయులకు 15:3-4తో పోల్చండి: క్రీస్తు మన పాపాల కోసం మరణించాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేచాడు. ఆ ఆదివారం పాటలన్నిటిలోనూ ఇది లేకపోతే ఒకటి మార్చండి. ప్రతి పాటలోనూ ఉండాలని కాదు. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో స్తుతులే కాదు, విలాపాలూ ఉన్నాయి.

3. వాద్యాల ధ్వని తగ్గించండి.