సముద్రాన్ని కొలవబోతున్న నీకు

అమ్మా లతా,

వచ్చే నెల ఓడ ఎక్కుతున్నానని రాశావు, సంతోషం. సముద్రం కార్బన్ డయాక్సైడ్‌ని ఎంత పీల్చుకుంటోందో కొలవడమంటే పెద్ద సాహసం అనుకుంటున్నావేమో, అందులో సగం సీసాలు కడగడమే. తర్వాత నన్ను తిట్టుకోకు.

ఒక్క లెక్క మాత్రం బుర్రలో పెట్టుకో. పైపొర నీళ్లలో కిలోకి సుమారు 2000 మైక్రోమోల్స్ (అణువుల లెక్కకు వాడే మోల్‌లో పదిలక్షో వంతు) కార్బన్ కరిగి ఉంటుంది. మనం గాలిలోకి వదిలేదాని వల్ల ఏడాదికి దానికి కలిసేది దాదాపు ఒక్క మైక్రోమోల్. మంచి ల్యాబులో చెయ్యి తిరిగినవాళ్లు చేసినా కొలత ఒకటి రెండు మైక్రోమోల్స్ అటూఇటూ అవుతుంది. అంటే నువ్వు వెతుకుతున్న మార్పూ నీ తప్పూ ఒకే సైజు, ఇక ఋతువులతో వచ్చే ఎగుడుదిగుళ్లు వాటికి ఎన్నో రెట్లు! అందుకే రెండేళ్ల డేటా చేతిలో పెట్టుకుని పెరిగిందనో తగ్గిందనో ఎవరికీ చెప్పకు. హవాయి దగ్గర, బెర్ముడా దగ్గర 1988లో మొదలుపెట్టి అవే చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి కొలుస్తూ ఉన్నారు కాబట్టే ఆ పెరుగుదల గీత ఈ రోజు అంత స్పష్టంగా కనిపిస్తోంది.

నీళ్లు పట్టే వరసలో కరిగిన ఆక్సిజన్ కొలిచేవాళ్ల వెనకే నీ వంతు, మొహమాటపడి ఎవరికీ ఇవ్వకు, ఆలస్యమైతే గ్యాస్ పోతుంది. గొట్టం సీసా అడుగుదాకా దించి, బుడగ లేకుండా నింపి, బాగా పొర్లిపోనివ్వు. తర్వాత మెర్క్యురిక్ క్లోరైడ్ కొద్దిగా వెయ్యాలి, లేకపోతే నీళ్లలోని సూక్ష్మజీవులు సీసాలోనే ఊపిరి తీసుకుంటూ నీ లెక్క మార్చేస్తాయి. అది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు.

అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ నుంచి వచ్చే రిఫరెన్స్ నీళ్ల సీసాలు ఉంటాయి, వాటిలో కార్బన్ ఎంతుందో ముందే తేల్చి పంపుతారు. ఖరీదని దాచుకోకుండా రోజూ ఒకటి నీ పరికరంలో కొలిచి సరిచూసుకో. కరిగిన కార్బన్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ పీడనం, ఈ నాలుగింట్లో రెండు తెలిస్తే మిగతావి లెక్కలో వస్తాయని పాఠంలో చెప్పుంటారు. నిజమే, కానీ వీలైతే మూడు కొలువు. నువ్వెక్కడ తప్పావో ఆ మూడోదే పట్టిస్తుంది.

మా రోజుల్లో ఒకసారి పాత పరికరం పక్కన పడేసి కొత్తది బిగించాం, కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడపాలని ఎవరికీ తట్టలేదు. గ్రాఫులో చిన్న మెట్టు పడింది. అది సముద్రానిదా, మాదా? దాచిన పాత సీసాలన్నీ తీసి మళ్లీ కొలిచాం, అయినా పూర్తిగా తేలలేదు. ఇప్పటికీ ఆ మెట్టు గుర్తొస్తే టెన్షనే.

ఓడ నడుస్తుండగా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం కొలిచేటప్పుడు అసలు శత్రువు వేడి. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే పీడనం 4 శాతం పెరుగుతుంది, 400 మైక్రోఅట్మాస్ఫియర్ల (గాలి పీడనంలో పదిలక్షో వంతు) దగ్గర అది 16, చాలా చోట్ల గాలికీ నీటికీ ఉన్న తేడాయే అంత ఉండదు. నీళ్లు ఓడ అడుగు నుంచి ల్యాబుదాకా పైపులో వచ్చేలోపే వేడెక్కుతాయి, కాబట్టి లోపలికి వచ్చే చోట కూడా థర్మామీటరు ఉండాలి. ఇంత చేసినా ఆ తేడా నుంచి ఎంత గ్యాస్ లోపలికి పోయిందో చెప్పాలంటే గాలి వేగం వర్గం చేసి వాడాలి, అక్కడే అంచనాలు బాగా ఊగుతాయి. పైగా దక్షిణ మహాసముద్రంలో చలికాలం ఓడలు దాదాపు వెళ్లవు. 2014 నుంచి అక్కడ పీహెచ్ ఫ్లోట్లు, అంటే నీళ్లలో తేలుతూ మునుగుతూ తమంతట తామే పీహెచ్ కొలిచే పరికరాలు, వదులుతున్నారు, మేలే, కానీ పీహెచ్‌లో 0.01 తప్పితే పీడనం లెక్క 2 శాతం పైనే తప్పుతుంది.

మనుషులు వదిలేదాంట్లో దాదాపు నాలుగో వంతు సముద్రానికే పోతోంది. 1994 నుంచి 2007 దాకా చేరింది 3,400 కోట్ల టన్నుల కార్బన్ అని ఓడల సర్వేలు పోల్చి తేల్చారు. ఇలాంటి అంకె కనిపిస్తే అది కార్బన్ లెక్కా, కార్బన్ డయాక్సైడ్ లెక్కా అని ముందు చూడు, 3.67 రెట్ల తేడా. నేను ఒకసారి నిండు సభలో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడాను, ఇంకా సిగ్గుగానే ఉంది.

ఓడలో ఆ థర్మామీటరు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో ఎక్కకముందే అడుగు. ఏమన్నారో నాకు రాయి.

నీ పెదనాన్న